నారింజ నడిచిన దారి: అల్గార్వ్ ప్రాంత పరిశీలన

ఐరోపా ఖండపు నైరుతి కొనలో, పోర్చుగల్ దేశానికి దక్షిణపు అంచుగా ఉన్న ప్రాంతం అల్గార్వ్. ఏడాదికి సుమారు 3,000 గంటలు ఎండ కాసే ఆ తీరానికి ఉత్తర ఐరోపావాసులు చలి నుండి తప్పించుకొనడానికి వస్తారు. వారిలో అనేకులు ఇసుకను, సముద్రాన్ని చూచి తిరిగిపోతారు. అయితే ఒక ప్రాంతాన్ని తెలుసుకొనదలచిన వారికి సముద్రతీరం గుమ్మం మాత్రమే. ఇల్లు లోపల ఉంటుంది. ఉర్దూ, తెలుగు రెండింటినీ చదువుకొనే మన విద్యార్థులు పటాన్ని ముందుంచుకొని ఆ గుమ్మం దాటి చూస్తే, తమకు తెలిసిన మాటలే కొన్ని అక్కడ వినిపిస్తాయి.

ముందుగా పేరునే పరిశీలిద్దాం. 711లో ముస్లిం సేనలు జిబ్రాల్టర్ జలసంధిని దాటిన పిదప ఐబీరియా ద్వీపకల్పంలో అధికభాగం వారి పాలనలోకి వచ్చింది. దానిలో పడమటి భూభాగాన్ని అరబ్బులు ‘అల్ గర్బ్’ అన్నారు, అనగా పడమర. సూర్యాస్తమయ వేళ చేసే నమాజుకు మనం వాడే ‘మగ్రిబ్’ అన్న మాటకు ధాతువు అదే. 1249లో మూడవ అఫోన్సో రాజు ఫారో పట్టణాన్ని జయించడంతో అక్కడ ముస్లిం పాలన అంతరించింది. పేరు మాత్రం పోలేదు. 1910లో రాచరికం ముగిసేవరకు పోర్చుగల్ రాజుల బిరుదులో అల్గార్వ్ పేరు నిలిచే ఉంది.

ఇక తీరం. లాగోస్ సమీపాన బంగారు వన్నె సున్నపురాతి చరియలను అలలు తొలిచి, తోరణాలుగా, గుహలుగా, నీటి నడుమ ఒంటి స్తంభాలుగా మలిచాయి. చూడ ముచ్చటైన ఆ లాగోస్ రేవులోనే 1444లో ఆఫ్రికా నుండి పట్టి తెచ్చిన 235 మందిని దింపి, బానిసలుగా పంచుకొన్నారు. సౌందర్యం ఉన్నచోట న్యాయం కూడా ఉంటుందని భూగోళశాస్త్రం మనకు హామీ ఇవ్వదు. ఇంకను పడమరకు సాగితే ఐరోపా ప్రధాన భూభాగానికి నైరుతి కొస అయిన సెయింట్ విన్సెంట్ అగ్రం వస్తుంది. అక్కడ ఉత్తరానికి మళ్లిన తీరంలో నల్లని పొరల రాయి అధికం. అట్లాంటిక్ కెరటాలు అడ్డు లేక వచ్చి దానిని ఢీకొంటాయి.

ఆ కఠిన తీరంలో, అల్జెజూర్ పట్టణానికి సమీపాన, అరిఫాన అనే చోట కొండకొమ్ముపై పన్నెండవ శతాబ్దపు ‘రిబాత్’ శిథిలాలు బయటపడ్డాయి. రిబాత్ అంటే ఉపాసన, సరిహద్దు కాపలా రెండూ సాగే స్థానం. దానిని నెలకొల్పినవాడు సిల్వెస్ ప్రాంతపు సూఫీ నాయకుడు ఇబ్న్ ఖసీ. అతడు 1151లో హత్యకు గురయ్యాడు. ఖిబ్లా దిక్కును చూపే మెహరాబుల పునాదులు నేటికీ సముద్రపు గాలిలో నిలిచి ఉన్నాయి.

తీరాన్ని వదలి అరాదె నది వెంట లోపలికి వెళితే సిల్వెస్ పట్టణం. ఎర్రని ఇసుకరాతితో కట్టిన కోట ఊరిపై నిలిచి కనిపిస్తుంది. తరువాత సెవిల్లె రాజైన కవి అల్ ముఅతమిద్ యౌవనంలో ఈ పట్టణాన్ని పాలించాడు. 1091లో రాజ్యం కోల్పోయి, 1095లో మొరాకోలో ప్రవాసిగా మరణించాడు. కాలక్రమాన నది పూడిపోయి ఓడలు రావడం తగ్గింది. 1577లో బిషప్ పీఠం కూడా ఫారోకు తరలిపోయింది. ఒకనాటి ప్రధాన నగరం నేడు చిన్న పట్టణం. దాని చుట్టూ ఉన్నవి నారింజ తోటలు.

ఈ నారింజ వద్ద మనం కొంచెం ఆగాలి. తెలుగులో నారింజ, సంస్కృతంలో నారంగం, పారసీకంలో నారంగ్, అరబ్బీలో నారంజ్, పోర్చుగీసులో లరాంజ. ఈ మాటకు మూలం ద్రావిడ భాషలలో ఉన్నదని పలువురు భాషావేత్తల అభిప్రాయం. పుల్లని నారింజను ఐబీరియాకు తెచ్చినవారు అరబ్బులు. తీయని నారింజను తరువాత వ్యాప్తి చేసినవారిలో పోర్చుగీసు వర్తకులు ముఖ్యులు. అందువల్లనే నేటి అరబ్బీలో ఆ పండు పేరు ‘బుర్తుఖాల్’, అంటే పోర్చుగల్! మాట మన వైపు నుండి పడమరకు వెళ్లింది. పడమటి దేశం పేరే పండుకు స్థిరపడి తూర్పునకు వచ్చింది.

1496లో మాన్యుయెల్ రాజు యూదులను, ముస్లింలను దేశం విడిచిపొమ్మని శాసించాడు. మనుషులలో కొందరు వెళ్లిపోయారు. వారి మాటలపై శాసనం పనిచేయలేదు. నేటికీ పోర్చుగీసువారు ఒక మంచిని కోరుకొన్నప్పుడు పలికే ‘ఓషలా’ అన్న మాటలో అల్లాహ్ నామం ఉంది.

అదేవిధంగా పోర్చుగీసు మాటలు మన ఇళ్లలో ఉన్నాయి. మేస్త్రీ, అల్మారా, పీపా, అనాస అనేటప్పుడు అవి పరాయివని మనకు తోచదు. ఉర్దూ మాట్లాడే ఇంట పుట్టి తెలుగు చదివేవారిని, బోధించేవారిని ‘ఇంతకూ మీ భాష ఏది?’ అని అడిగేవారు కొందరుంటారు. ఆ ప్రశ్న మనసును నొప్పించిన రోజున మన విద్యార్థులు నారింజను తలచుకోవాలి. అన్ని భాషలలో తిరిగి వచ్చినా ఆ పండు తీపి తగ్గలేదు. అది ఏ భాషదని దానిని ఎవరూ అడగడం లేదు.