ఇద్దరి ఇంటికి బిడ్డ: దత్తత ఎలా?

మీరిద్దరూ ఆడవాళ్లో, మగవాళ్లో. కలిసి ఒక బిడ్డను పెంచుకోవాలనుకున్నారు. ముందుగా ఒక కష్టమైన మాట చెప్పాలి. మన దేశంలో చట్టం మీ ఇద్దరినీ కలిపి తల్లిదండ్రులుగా గుర్తించదు. 2023 అక్టోబరు 17న స్వలింగ వివాహాల గుర్తింపుపై వచ్చిన సుప్రియో కేసులో సుప్రీంకోర్టు 3-2 తేడాతో దత్తత నిబంధనలను అలాగే ఉంచింది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, జస్టిస్ కౌల్ మాత్రం పెళ్లికాని జంటలకూ దత్తత హక్కు ఉండాలన్నారు. రివ్యూ పిటిషన్లను 2025 జనవరిలో కొట్టేశారు. సరోగసీ దారి కూడా 2021 చట్టంతో మూసుకుపోయింది. ఇక మిగిలింది, ఒకరి పేరున దత్తత, రెండోవారికి వీలైనంత కాగితాల రక్షణ.

మొదట, దత్తత ఎవరి పేరున అన్నది తేల్చుకోండి. ఒంటరి మగవాడికి ఆడపిల్లను దత్తత ఇవ్వరు. రెండేళ్లలోపు బిడ్డ కావాలంటే ఒంటరి దరఖాస్తుదారు వయసు 40 దాటకూడదు. రెండు నుంచి నాలుగేళ్ల బిడ్డకు 45, నాలుగు నుంచి ఎనిమిదేళ్లకు 50, ఆపైన 55. బిడ్డకూ మీకూ కనీసం 25 ఏళ్ల తేడా ఉండాలి.

రెండో పని చాలామంది చివరికి వదిలేస్తారు. పేరు నమోదు చేయకముందే కుటుంబ చట్టాలు తెలిసిన లాయరును కలవండి. సహజీవనంలో ఉన్న ఒంటరి దరఖాస్తుదారుల విషయంలో కేంద్ర దత్తత సంస్థ కారా 2022 జూన్‌లో ఇచ్చిన సర్క్యులర్ అడ్డుగా ఉంది. సుప్రియో తీర్పులో మెజారిటీ దాన్ని కొట్టేయలేదు. అందుకే తిరస్కరణ ఎదురుకావచ్చని సిద్ధపడాలి. అలాగని ఇంట్లో ఉన్న మనిషిని దాచిపెట్టమని నేను చెప్పను. అబద్ధం మీద మొదలైన దత్తతను రేపు ఎవరైనా సవాలు చేస్తే నలిగేది బిడ్డే. ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి అన్నది లాయరుతో కూర్చుని తేల్చుకోండి.

తర్వాత కారా పోర్టల్‌లో నమోదు. ఫొటో, పాన్, వయసు, నివాసం, ఆదాయం, ఆరోగ్య పత్రాలు కావాలి. ఒంటరివారి విషయంలో, మీకేమైనా అయితే బిడ్డను చూసుకుంటానని ఒక బంధువు హామీ పత్రం ఇవ్వాలి. అక్కో, బాబాయో, ఎవరైనా మనసుతో ఒప్పుకోవాలి, సంతకం కోసం బతిమాలి తెచ్చుకునే పత్రం కాదిది. ఆపైన సోషల్ వర్కర్ ఇంటికొచ్చి హోం స్టడీ రాస్తారు. ఆ నివేదిక మూడేళ్లు చెల్లుతుంది. మీ వంతు వచ్చాక బిడ్డ వివరాలు పంపుతారు. ఇష్టమైతే 48 గంటల్లో రిజర్వు చేసుకుని, శిశుగృహకు వెళ్లి బిడ్డను చూడాలి. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వు ఇచ్చేది కోర్టు కాదు, కలెక్టరు.

బిడ్డ ఇంటికొచ్చాక అసలైన జాగ్రత్త మొదలవుతుంది. దత్తత తీసుకున్నవారు కన్నుమూస్తే, రాత్రంతా జోకొట్టిన రెండోవారు చట్టం దృష్టిలో పరాయివారే. నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే. అందుకే దత్తత తీసుకున్నవారు వీలునామాలో బిడ్డ సంరక్షణ ఎవరికి అప్పగించాలనుకుంటున్నారో స్పష్టంగా రాయాలి. సంరక్షకుల నియామకంలో కోర్టు ముందు చూసేది బిడ్డ మేలు. చనిపోయిన తల్లి లేక తండ్రి కోరికనూ లెక్కలోకి తీసుకుంటుంది. రెండోవారు కూడా విడిగా వీలునామా రాయాలి, ఎందుకంటే వారి ఆస్తి బిడ్డకు దానంతటదే రాదు. ఒక్కో వీలునామాకు ఇద్దరు సాక్షులు ఉండాలి. లబ్ధి పొందేవారిని సాక్షిగా పెట్టకండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, సబ్‌రిజిస్ట్రార్ దగ్గర చేయించుకుంటే మేలు.

బ్యాంకు విషయంలో కాస్త ఊరట ఉంది. జాయింట్ ఖాతాకు, భాగస్వామిని నామినీగా పెట్టుకోవడానికి ఎలాంటి అడ్డంకీ లేదని కేంద్ర ఆర్థికశాఖ 2024 ఆగస్టులో స్పష్టం చేసింది. బడికి, ఆసుపత్రికి వేర్వేరుగా అధికార పత్రాలు రాసి ఇవ్వండి: బిడ్డను తీసుకెళ్లేందుకు ఒకటి, అత్యవసర చికిత్స వేళ ఎవరిని పిలవాలో చెప్పేది ఒకటి. ఇవి తల్లిదండ్రుల హక్కును ఇవ్వవు, గేటు దగ్గర మాత్రం పనికొస్తాయి. దత్తత ఉత్తర్వు, వీలునామాలు, బంధువు హామీ పత్రం నకళ్లు ఒకే ఫైల్లో పెట్టి, అది ఏ అలమరాలో ఉందో ఆ బంధువుకు కూడా చూపించండి.