మూడు దారులు – ఒక దొంగదారి

మైపాడు ఒడ్డున ఒక పల్లె. ఆ పల్లెలో ఒక ఇంటి చిన్నకోడలు. ఆమె మొగుడు బోటు మీద వేటకు పోతాడు. ఆమె గంపతో చేపలు అమ్ముతుంది. పెళ్లయి 11 ఏళ్లు. బిడ్డలు లేరు. నెల్లూరు ఆసుపత్రుల చుట్టూ తిరిగారు. డబ్బు అయిపోయింది. ఆశ కూడా అయిపోయింది.

"ఒక బిడ్డను తెచ్చుకుందాం మావా" అంది ఒకనాడు.

అతను చాలాసేపు మాట్లాడలేదు. వల బాగు చేస్తూనే ఉన్నాడు. చివరికి "సరే" అన్నాడు.

మాట బయటికి పొక్కింది. తలా ఒక సలహా చెప్పారు.

ఆడబిడ్డకు మూడో కాన్పులోనూ ఆడపిల్లే పుట్టింది. "ఆ పిల్లను తెచ్చుకోండి. మన రక్తం గదా! ఇంట్లో పిల్లకు కాగితమేంది?" అంది అత్త.

"ఆడపిల్లను ఎట్టా దత్తత తీసుకుంటారు? కొడుకునే తీసుకోవాలి" అన్నాడు పక్కింటి తాత.

ఇంకొకామె చీకటి పడ్డాక వచ్చింది. గొంతు తగ్గించి చెప్పింది. "టౌనులో నాకు తెలిసిన చోటు ఉంది. ఇప్పుడే పుట్టిన బిడ్డ. రెండు లక్షలు. పుట్టిన సర్టిఫికెట్టు మీ పేరుతోనే రాయిస్తారు. రేపే తెచ్చుకోవచ్చు."

రేపే! ఆ రాత్రి చిన్నకోడలికి నిద్ర పట్టలేదు. 11 ఏళ్లు ఎదురుచూసిన మనిషికి 'రేపు' అనే మాట ఎంత తీపి! మెడలో గొలుసు తడిమి చూసుకుంది.

తెల్లారి అంగన్‌వాడీకి పోయింది. ఆ రోజు సూపర్‌వైజరమ్మ వచ్చి ఉంది. చిన్నకోడలు అన్నీ చెప్పింది. ఇంకో నలుగురు ఆడవాళ్లు వచ్చి కూర్చున్నారు.

"దారులు మూడున్నాయమ్మా. ఒక దొంగదారి కూడా ఉంది. నాలుగూ వినండి" అంది సూపర్‌వైజరమ్మ.

మొదటి దారి: ఉత్త పెంపకం

బంధువుల బిడ్డను ఇంట్లో పెట్టుకొని పెంచుతారు. కాగితం ఉండదు. ప్రేమకు లోటు ఉండదు. కానీ చట్టం ముందు ఆ బిడ్డ మీ బిడ్డ కాదు. కన్నవాళ్లు ఎప్పుడైనా వచ్చి "మా బిడ్డను పంపండి" అనవచ్చు. మీరు వీలునామా రాయకుండా కన్ను మూస్తే, ఇంటి కోసం అన్నదమ్ముల పిల్లలు వస్తారు. పెంచిన పిల్ల వాకిట్లో నిలబడుతుంది. పెంపకం వేరు, దత్తత వేరు.

రెండో దారి: ఇచ్చి పుచ్చుకునే దత్తత

హిందువులకు 1956లో దత్తత చట్టం వచ్చింది. అంతకు ముందు మామూలుగా కొడుకునే దత్తత తీసుకునేవాళ్లు. 1956 నుంచి ఆడపిల్లను కూడా తీసుకోవచ్చు. తాత చెప్పింది పాతకాలం మాట.

ఈ చట్టంలో బిడ్డను ఇచ్చే హక్కు కన్నతల్లికి, కన్నతండ్రికి ఉంది. ఒకరు ఇస్తే రెండోవారు ఒప్పుకోవాలి. తల్లీ తండ్రీ ఉండగా అమ్మమ్మ ఇవ్వలేదు. మేనమామ ఇవ్వలేడు. తీసుకునే ఇంట్లో కూడా భార్యాభర్తలిద్దరూ ఒప్పుకోవాలి. 2010లో చట్టం మార్చారు. అప్పటి నుంచి పెళ్లయిన ఆడది కూడా, భర్త ఒప్పుకుంటే, తన పేరున దత్తత తీసుకోవచ్చు.

మామూలుగా బిడ్డకు 15 ఏళ్లు నిండి ఉండకూడదు. పెళ్లి అయి ఉండకూడదు. ఆడపిల్లను తీసుకునేవారికి అప్పటికే కూతురుగానీ, కొడుకు కూతురుగానీ ఉండకూడదు. మగపిల్లవాడికైతే కొడుకుగానీ, కొడుకు కొడుకుగానీ ఉండకూడదు. బిడ్డను చేతులతో ఇవ్వాలి, చేతులతో పుచ్చుకోవాలి. హోమం చెయ్యకపోయినా దత్తత చెల్లుతుంది. డబ్బు ఇచ్చిపుచ్చుకుంటే నేరం.

దత్తత పత్రం రాసి, సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్టరు చేయించుకోవాలి. రేపు ఎవరైనా కాదంటే ఆ పత్రమే సాక్ష్యం. ఒకసారి దత్తత జరిగితే వెనక్కి పోలేరు. కన్నవాళ్లు తిరిగి అడగలేరు. పెంచినవాళ్లు వద్దనలేరు.

మూడో దారి: శిశుగృహం

తల్లిదండ్రులు లేని బిడ్డలు, వదిలేసిన బిడ్డలు శిశుగృహాల్లో పెరుగుతారు. వీళ్ల దత్తత 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం జరుగుతుంది. ఏ మతం వారైనా తీసుకోవచ్చు. 2014లో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే చెప్పింది. ఒంటరి ఆడది కూడా తీసుకోవచ్చు. ముస్లింలు, క్రైస్తవులు అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల బిడ్డను తెచ్చుకోవాలన్నా ఈ చట్టంలో దారి ఉంది.

ముందు పేరు నమోదు చేయించుకోవాలి. ఇది కంప్యూటరులో జరుగుతుంది. జిల్లా బాలల సంరక్షణ విభాగం వాళ్లు సాయం చేస్తారు. తర్వాత ఒకరు ఇంటికి వచ్చి చూస్తారు. ఇల్లు గొప్పదా అని కాదు, బిడ్డ అక్కడ సుఖంగా ఉంటుందా అని. రెండేళ్ల లోపు బిడ్డ కావాలంటే భార్యాభర్తల వయసు కలిపి 85 దాటకూడదు. వరస వచ్చేదాకా ఆగాలి. ఏళ్లు పట్టవచ్చు. చివరికి కలెక్టరు ఆర్డరు ఇస్తారు. 2022 సెప్టెంబరుకు ముందు ఈ పని కోర్టు చేసేది. ఆ తర్వాత కూడా రెండేళ్ల పాటు బిడ్డ ఎట్టా ఉందో చూసిపోతారు.

దొంగదారి: కొనడం

"రాత్రి వచ్చినామె చెప్పింది ఇదే" అంది సూపర్‌వైజరమ్మ. బిడ్డను అమ్మినా నేరం, కొన్నా నేరం. 5 ఏళ్ల దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా పడవచ్చు. మీ పేరుతో దొంగ సర్టిఫికెట్టు రాయించడం ఇంకో నేరం. పట్టుబడిన రోజు పోలీసులు బిడ్డను తీసుకుపోతారు. అప్పటికి ఆ బిడ్డ మిమ్మల్ని అమ్మా అని పిలుస్తూ ఉంటుంది.

1999లో, మళ్లీ 2001లో హైదరాబాదులో ఇట్టాంటిదే బయటపడింది. లంబాడీ తండాల్లో పేద తల్లుల దగ్గర ఆడపిల్లలను కొద్ది డబ్బుకు కొన్నారు. దత్తత పేరుతో విదేశాలకు పంపే వ్యాపారం చేశారు. అమ్ముడుపోయే ప్రతి బిడ్డ వెనుక ఒక తల్లి ఉంటుంది.

నిజంగా పెంచలేని తల్లికి కూడా దారి ఉంది. బిడ్డను బాలల సంక్షేమ కమిటీకి అప్పగించవచ్చు. మనసు మార్చుకోవడానికి చట్టం 60 రోజులు గడువు ఇస్తుంది. 1098 కు ఫోన్ చేస్తే దారి చెబుతారు.

చిన్నకోడలు ఏం చేసింది?

మరునాడు ఆడబిడ్డ ఇంటికి పోయింది. ఇద్దరే ఉన్నప్పుడు అడిగింది.

"అమ్మీ, పాపను ఇవ్వడం నీకు ఇష్టమేనా?"

ఆడబిడ్డ కళ్లు నిండాయి. "అమ్మ చెప్పింది వదినా. మా ఆయన సరే అన్నాడు. నన్నెవరూ అడగలేదు."

"నేను అడుగుతున్నా."

"మూడోది కూడా ఆడపిల్ల, భారం అంటున్నారు అందరూ. నాకు భారం గాదు వదినా."

చిన్నకోడలు పాపను ఎత్తుకుంది. ముద్దు పెట్టింది. మళ్లీ తల్లి ఒడిలోనే పెట్టింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఏడ్చింది.

రెండు రోజులకు రాత్రి వచ్చినామె మళ్లీ వచ్చింది. చేతిలో స్టాంపు కాగితం. "ఇక్కడ వేలిముద్ర వెయ్యి" అంది.

చిన్నకోడలు కాగితం తీసుకుంది. దీపం దగ్గర పెట్టుకుంది. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కొని చదివింది. 'ఈ బిడ్డను మా ఇష్టపూర్తిగా ఇచ్చివేసినాము' అని ఉంది. కింద తల్లి పేరు ఉండాల్సిన చోట ఖాళీ.

"తల్లి పేరు ఏది?"

"అది నీకెందుకు?"

"తల్లి పేరు లేని కాగితం నాకొద్దు. నేను వేలిముద్ర వేసేదాన్ని గాదు" అంది చిన్నకోడలు.

ఏప్రిల్ 15 వచ్చింది. వేట నిషేధం మొదలైంది. జూన్ 14 దాకా బోట్లు ఒడ్డునే ఉంటాయి. భార్యాభర్తలిద్దరూ నెల్లూరు పోయారు. ఫోటోలు, ఆధార్, పెళ్లి కాగితం, ఆదాయం సర్టిఫికెట్టు, డాక్టరు సర్టిఫికెట్టు సంచిలో పెట్టుకున్నారు. ఆఫీసులో పేరు నమోదు చేశారు.

"మగబిడ్డా, ఆడబిడ్డా?" అని అడిగారు అక్కడ.

చిన్నకోడలు మొగుడి వైపు చూసింది.

"ఎవరైనా సరే" అన్నాడు అతను.

ఇంటికి రాగానే "బిడ్డ ఎప్పుడొస్తుంది?" అని అడిగింది అత్త.

"వరస వచ్చినప్పుడు అత్తా. వచ్చిన బిడ్డను మళ్లీ ఎవరూ తీసుకుపోరు" అంది చిన్నకోడలు. నమోదు కాగితాన్ని మడిచి పెట్టెలో దాచింది.

గుర్తుంచుకోండి

• కన్నతల్లిని అడగకుండా బిడ్డను తేవద్దు.
• బిడ్డకు వెల కట్టవద్దు.
• చదవకుండా సంతకం చెయ్యవద్దు.
• బిడ్డకు ఊహ తెలిసేటప్పటికి నిజం మీరే చెప్పండి. ఊరివాళ్లు చెప్పేదాకా ఆగవద్దు.

మాట్లాడుకోండి

1. పెంపకానికీ దత్తతకూ తేడా ఏమిటి?
2. ఆడబిడ్డను ఎవరూ ఎందుకు అడగలేదు? మీ ఊళ్లో ఇట్టా జరిగిందా?
3. చిన్నకోడలికి చదువు రాకపోతే ఏం జరిగేది?

చదవండి, రాయండి

దత్తత, పెంపకం, వీలునామా, శిశుగృహం, నమోదు, సంతకం, హక్కు