లెక్కల గదిలో నేర్చుకున్నవి

కనెక్టికట్‌లో ఒక అమెరికా ఆదివాసీ తెగ నడిపే కాసినోలో పదిహేడేళ్లు లెక్కలు రాసి రిటైరయ్యాను. ఉద్యోగం దరఖాస్తులో 'ఇండియనా?' అన్న గడిలో దర్జాగా టిక్కు పెట్టాను. అక్కడ ఇండియన్ అంటే ఆదివాసీ అని, అది తెగవాళ్లకిచ్చే ప్రాధాన్యమని నాకేం తెలుసు! మా మేనేజరమ్మ, ఆ తెగ మనిషే, నవ్వి ఆ టిక్కు కొట్టేసింది. నా చదువు అక్కణ్ణించే మొదలు.

1. "సర్కారు పర్మిషనిచ్చింది" అని నేనన్నప్పుడల్లా ఆవిడ కళ్లజోడు కిందికి దించి "ఏ సర్కారు?" అనేది. తెగకి సొంత ప్రభుత్వం, కోర్టు ఉన్నాయి. కాలిఫోర్నియాలోని కబజోన్ తెగ కేసులో సుప్రీంకోర్టు 1987లో, తెగల నేల మీది బింగో, పేకాటలపై రాష్ట్రం పెత్తనం కుదరదంది. 1988లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి, స్లాట్ మెషీన్ల వంటి పెద్ద ఆటలకి మాత్రం తెగా రాష్ట్రమూ ఒప్పందానికి రావాలంది. మనవైపు చాలాకాలం తగువంతా రమ్మీ నైపుణ్యమా, అదృష్టమా అని. 1967లో సత్యనారాయణ కేసులో మన సుప్రీంకోర్టు ప్రధానంగా నైపుణ్యమేనంది. ఇక్కడ ముందు అడిగేది నేల ఎవరిదని.

2. ఓ నెల పద్దులో రాష్ట్రానికి వెళ్లే సొమ్ముకి ఎదురుగా 'ట్యాక్స్' అని రాశాను. ఎర్ర పెన్నుతో అడ్డగీత పడింది. స్లాట్లలో గెలిచినవాళ్లకిచ్చింది పోను మిగిలినదాంట్లో 25 శాతం రాష్ట్రానికి వెళ్తుంది, నిజమే. కాని అది పన్ను కాదు. మా తెగకీ, రాష్ట్రంలో కాసినో ఉన్న ఇంకో తెగకీ తప్ప ఇంకెవరికీ స్లాట్లు ఉండవన్న మాటకి కట్టే ఖరీదు. ఇది నాకు ఒంటబట్టడానికి ఏడాది పట్టింది.

3. ఫోనొచ్చి లెక్క మార్చింది. స్పోర్ట్స్ బెట్టింగ్‌కి అడ్డంగా ఉన్న కేంద్ర చట్టాన్ని సుప్రీంకోర్టు 2018లో కొట్టేసింది. 2021లో మా రాష్ట్రం రెండు తెగలకీ, లాటరీ సంస్థకీ దారిచ్చింది. హార్ట్‌ఫర్డ్ ఊళ్లో వంటింట్లో కూర్చుని కాసే పందెం తెగ నేల మీది కాదుగా! అందుకని దానికి తెగలూ రాష్ట్రం లైసెన్సు తీసుకుని, రాబడిలో 13.75 శాతం కట్టాలి. దీన్ని ట్యాక్స్ అని రాసుంటే ఆవిడ కొట్టేసేది కాదేమో. ఫ్లోరిడావాళ్ల దారి వేరు. సర్వరు సెమినోల్ తెగ నేల మీదుంటే పందెమూ అక్కడే కాసినట్టని ఒప్పందంలో రాసుకున్నారు. నాకైతే అది కాస్త అతితెలివి.

4. మా తమ్ముడి కొడుకు రాత్రి రెండింటికి ఫోన్లో, పేర్లు కూడా పలకలేని టెన్నిస్ ఆటగాళ్ల మీద పందేలు కాసేవాడు. రాష్ట్రం దగ్గర ఒక జాబితా ఉంది. అందులో చేరినవాళ్ల పందెం తీసుకోకూడదు. కాని ఎవరి పేరు వాళ్లే రాయించుకోవాలి, ఇంట్లోవాళ్లు రాయిస్తే చెల్లదు. ఓ ఆదివారం మా భోజనాల బల్ల దగ్గర ఆ జాబితా ఫారం తెరిచాడు. పేరు, పుట్టినతేదీ గబగబా నింపాడు. ఎన్నాళ్లు దూరంగా ఉండాలన్న గడువు దగ్గర వేలు ఆగింది.

"పెదనాన్నా, ఏడాది చాలదా?" అన్నాడు.