కూడలి దగ్గర సైకిలు: కొన్ని జాగ్రత్తలు

సైకిలు తొక్కడం గుండెకు మంచిదని మేము రోగులకు చెబుతుంటాము. అయితే క్షేమంగా తొక్కడమూ నేర్చుకోవాలి.

హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారిని 2023లో ప్రారంభించారు. ప్రత్యేక దారి ఉన్నా, కూడలి దగ్గర జాగ్రత్త తప్పదు. మలుపు తిరిగే డ్రైవరు సైకిలును గమనించకపోవచ్చు. అందుకే కొన్ని దేశాలలో కూడలి మధ్యలో కూడా సైకిలు దారికి రంగు వేస్తారు. సైకిళ్ళు ఆగే గీతను లారీల గీతకు ముందు గీస్తారు. మన అరకు ఘాట్ రోడ్డులో అలాంటి దారి లేదు. కాబట్టి మనమే కనబడాలి.

1. ఎడమవైపున ఒకరి వెనుక ఒకరు వెళ్ళండి.
2. కుడికి తిరిగే ముందు వెనుకకు చూసి, కుడిచెయ్యి చాచండి.
3. ఆగి ఉన్న బస్సుకు, లారీకి ఎడమపక్కన నిలబడకండి. అది ఎడమకు తిరిగితే మీరు డ్రైవరుకు కనబడరు.
4. పొగమంచులో, చీకటిలో ముందు తెల్ల లైటు, వెనుక ఎర్ర రిఫ్లెక్టరు ఉండాలి.
5. దిగుడులో రెండు బ్రేకులూ కొద్దికొద్దిగా వెయ్యండి. హెల్మెట్ మరువకండి.

ఎవరైనా పడిపోతే మెడ కదపకండి. గాయంపై పసుపు, కాఫీపొడి అద్దకండి. శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టి 108కి ఫోను చెయ్యండి. తలకు దెబ్బ తగిలాక వాంతులు, మగత కనబడితే "నిద్రపోనీ, తగ్గుతుంది" అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.