అక్షరాలు రాకపోయినా బిడ్డకు పుస్తకం చెప్పండి



టీకాలకు వచ్చే తల్లులను బిడ్డ బరువు, పాలు, విరేచనాల గురించి అడిగినట్లే, మేము ఇంకో ప్రశ్న కూడా అడుగుతుంటాము. “ఇంట్లో బిడ్డకు చూపించే పుస్తకం ఏదైనా ఉందా?” చాలామంది నవ్వేస్తారు. “ఇంకా నడకే రాలేదు, పుస్తకం ఎందుకండీ?” అంటారు. బిడ్డ ఆడపిల్ల అయితే ఇంకో మాట కూడా వినబడుతుంది, ఎక్కువగా నాయనమ్మల నోటి నుండి. “వాళ్ల అన్నకు కొన్నాములే సిస్టరమ్మా, అదే ఇద్దరికీ.” ఆ అన్న పుస్తకం అలమర పైఅరలో ఉంటుంది, చెల్లెలు చింపుతుందని.

ఈ నెల పాఠం ఆ చెల్లెలి గురించి.

బిడ్డ కడుపులో ఉండగానే, ఆరో నెల దాటేసరికి బయటి శబ్దాలు వింటుంది. పుట్టిన కొద్ది రోజులకే తల్లి గొంతు గుర్తుపడుతుంది. మూడేళ్లు నిండేసరికి ఆమె మెదడు పెద్దవారి మెదడు పరిమాణంలో సుమారు 80 శాతానికి చేరుతుంది. ఈ మూడేళ్లలో తిండి, టీకాలు ఎంత అవసరమో మాటలూ అంతే అవసరం. మాటలంటే “తిను, పడుకో, అటు వెళ్లకు” అనేవి కావు. అవి ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి. బిడ్డ దేనివైపు చూస్తున్నదో దాని గురించి, ఏది వేలు పెట్టి చూపించిందో దాని గురించి చెప్పే మాటలు కావాలి. పొలం పని, వంట పని మధ్య వాటికి తీరిక దొరకదు. పుస్తకం తెరిచి బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుంటే అవి వాటంతటవే వస్తాయి. చిన్నపిల్లల విషయంలో పుస్తకం చేసే ముఖ్యమైన పని ఇదే. అక్షరాల సంగతి తర్వాత.

ఇది ఆసుపత్రి వారు చెప్పవలసిన విషయమా అని కొందరికి అనిపించవచ్చు. అమెరికాలోని బోస్టన్ నగర ఆసుపత్రిలో 1989లో కొందరు పిల్లల వైద్యులు, బాలవిద్య తెలిసినవారు కలిసి, పరీక్షకు వచ్చిన పేద పిల్లలకు తలా ఒక కొత్త పుస్తకం ఇచ్చి, ఎలా చూపించాలో తల్లులకు నేర్పి పంపటం మొదలుపెట్టారు. ఆ పద్ధతి ఆ దేశమంతా పాకింది. 2014లో అక్కడి పిల్లల వైద్యుల సంఘం, పసితనం నుండే పుస్తకాలు చదివి వినిపించమని తల్లిదండ్రులకు చెప్పటం వైద్యుల పనిలో భాగమేనని ప్రకటించింది. బరువు చూసే చోటే, సూది వేసే చోటే ఈ మాట చెప్పటం తగిన పని అని మేమూ నమ్ముతున్నాము.

“నాకు చదువు రాదు సిస్టరమ్మా”

మేము అన్నిటికంటే ఎక్కువగా వినే మాట ఇది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో సుమారు మూడింట ఒక వంతు మందికి చదవటం రాదు. మిరపకాయ కోతలకు కర్నూలు వైపు నుండి పిల్లాపాపలతో వచ్చే కుటుంబాల్లో ఇంకా ఎక్కువమందే ఉంటారని మా అంచనా.

అలా వచ్చిన ఒక తల్లి, రెండున్నరేళ్ల కూతురిని నిమ్ముతో పిల్లల వార్డులో చేర్చింది. చేర్పించే కాగితం మీద వేలిముద్ర వేసింది. మా నర్సు బొమ్మల పుస్తకం ఇస్తే, “చదువు రానిదాన్ని, నాకెందుకు” అని మంచం పక్కన పెట్టేసింది. నర్సు ఒక పేజీ తెరిచి “ఇదేమిటి?” అని అడిగింది. “కోడి.” “మీ ఇంట్లో కోళ్లున్నాయా?” అంతే. తమ కోడిపెట్టను జంగుపిల్లి ఎలా ఎత్తుకుపోయిందో, గంప కింద మిగిలిన పిల్లలను ఎవరు పెంచారో ఆ తల్లి చెప్పుకుపోయింది. సూది భయంతో మూడు రోజులుగా ఎవరివైపూ చూడని పాప బొమ్మ మీద వేలు పెట్టి “పిల్లలేవీ?” అంది. ఆ పేజీలో కోడిపిల్లలు లేవు. తల్లి పేజీలు తిప్పి వెతికింది. ఒక చోట గంప బొమ్మ కనబడింది. “ఇదిగో, దీని కిందున్నాయి” అంది. పాప గంపను గోటితో గీకి ఎత్తబోయింది.

పుస్తకంలో అచ్చయిన కథ వేరు. అయినా ఆ పూట ఆ తల్లి చేసినది, చదువుకున్న ఇళ్లలో మేము చూసేదాని కంటే మెరుగ్గా ఉంది. చదువుకున్న తల్లిదండ్రులు పుస్తకాన్ని పరీక్షగా మారుస్తారు. “ఇది ఏ అక్షరం? చెప్పు. ఇంగ్లీషులో ఏమంటారు? నిన్న చెప్పావుగా!” బిడ్డ మూతి ముడుచుకుని దిగిపోతుంది. మూడేళ్లలోపు పిల్లను అక్షరాలు అడగకండి. ఆమె అడిగినదానికి మీరు జవాబు చెప్పండి.

మన సంఘాల్లో పాఠశాల మెట్టు ఎక్కకుండానే కీర్తనల పుస్తకం దగ్గర అక్షరాలు పోల్చుకున్న పెద్ద స్త్రీలు ఉన్నారు. పాట ముందే నోటికి వచ్చు, వేలు గీత వెంట నడిచింది, కొన్నాళ్లకు అక్షరం చిక్కింది. బిడ్డతో పుస్తకం చూసే తల్లికీ అలా జరగవచ్చు.

ఆరు నెలల బిడ్డ పుస్తకాన్ని నోట్లో పెట్టుకుంటుంది. అది తప్పు కాదు, ఆ వయసులో తెలుసుకునే దారి అదే. మందపాటి అట్ట పుస్తకమో గుడ్డ పుస్తకమో ఇవ్వండి. ఏడాది పిల్ల బొమ్మ మీద కొట్టి “అదీ” అంటుంది, రెండేళ్ల పిల్ల పేర్లు చెబుతుంది. మూడేళ్లకు ఒకే కథ ఇరవైసార్లు అడుగుతుంది. విసుగు మీకే, ఆమెకు కాదు. ఇరవై ఒకటోసారి కూడా చెప్పండి.

కొనలేనివారు ఇంట్లోనే తయారుచేయవచ్చు. పాత క్యాలెండరు, సబ్బు అట్టపెట్టె, అగ్గిపెట్టె మీది బొమ్మలు కత్తిరించి అట్టలకు అంటించి, దారంతో కుట్టండి. పిన్నులు కొట్టవద్దు, ఊడితే మింగుతారు. ముఖ్యంగా మన పత్తి ఊళ్ల వారికి ఒక హెచ్చరిక. విత్తనాల సంచీ మీద బొమ్మ ఎంత అందంగా ఉన్నా దాన్ని వాడకండి. పత్తి విత్తనానికి పురుగుమందు పట్టించి ఉంటారు. మందు డబ్బాల అట్టపెట్టెలూ అంతే. అలాగే మిరపకాయలు కోసి వచ్చిన చేతులతో బిడ్డను ఒళ్లోకి తీసుకోకండి. నీళ్లతో మాత్రమే కడిగితే కారం పోదు. ముందు కొంచెం వంటనూనె రాసి రుద్ది, ఆ తర్వాత సబ్బుతో కడగండి. ఆ రోజు కథ నాన్నో నాయనమ్మో చెప్పినా సరే. పది నిమిషాలు చాలు.

పుస్తకం దగ్గర మీకు తెలిసే విషయాలు మాకు కూడా ఉపయోగపడతాయి. బొమ్మను కళ్లకు మరీ దగ్గరగా పెట్టుకుంటున్నదా? తల ఒక పక్కకు వంచి చూస్తున్నదా? వెనుక నుండి పిలిస్తే తిరగటం లేదా? ఏడాదిన్నర దాటినా ఒక్క మాట కూడా రాలేదా, దేన్నీ వేలితో చూపించటం లేదా? “మా ఆయనకూ ఆలస్యంగానే వచ్చాయి మాటలు” అని ఊరుకోకండి, తీసుకురండి. చెవి, కన్ను లోపం ఎంత త్వరగా తెలిస్తే అంత మంచిది.

సెల్‌ఫోనులో కథల బొమ్మలు ఆడించి అన్నం పెట్టే అలవాటు ఇప్పుడు పల్లెల్లోనూ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో రెండేళ్లలోపు పిల్లలకు తెర వద్దనీ, రెండు నుండి నాలుగేళ్ల వారికి రోజుకు గంట మించవద్దనీ చెప్పింది. ఫోను మాట్లాడుతుంది గానీ బిడ్డ అడిగిన “పిల్లలేవీ?”కి జవాబు చెప్పదు.

ఇక ఆడపిల్లకే ఎందుకు ఇంత ప్రత్యేకంగా అంటారా? అదే సర్వేలో మన రాష్ట్రంలో 20 నుండి 24 ఏళ్ల స్త్రీలలో నూటికి 29 మందికి 18 నిండకముందే పెళ్లి అయిపోయిందని తేలింది. ఆ లెక్కలోని పిల్లలను మేము కాన్పు గదిలో చూస్తాము. రక్తం తక్కువ, భయం ఎక్కువ, మందుల చీటీ చేతిలో పెడితే అత్తగారి వైపు చూస్తారు. ఒక్క బొమ్మల పుస్తకం పెళ్లిని ఆపుతుందని మేము చెప్పటం లేదు. బడిలో నిలబడే పిల్లకు అంత సులువుగా పెళ్లి చేయలేరన్నది మాత్రం మేము చూస్తున్న సంగతి. బడి అంటే భయం లేకుండా వెళ్లాలంటే పుస్తకం ఆమెకు ముందే ఇంటి వస్తువై ఉండాలి.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి? ఈ ప్రాంతానికి అది కొత్త ప్రశ్న కాదు. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వెలిసింది, 1929లో గాంధీగారు దాని భవనానికి శంకుస్థాపన చేశారు. 1935లో గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణం గారు కాలువ పడవల్లో పుస్తకాలు పెట్టి ప్రయాణికుల చేత చదివించారు. ఇప్పుడు మీరు కట్టే ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నారు. కాబట్టి మీ దగ్గరి శాఖా గ్రంథాలయానికి వెళ్లి, కూతురిని వెంటబెట్టుకుని, పిల్లల పుస్తకాలు అడగటానికి మొహమాటపడకండి. 1947లో మొదలైన చందమామ ఇప్పుడు రావటం లేదు గానీ, పాత సంచికలు ఇంట్లో ఉంటే దింపండి, బొమ్మలు చూపించటానికి చాలా బాగుంటాయి. నేషనల్ బుక్ ట్రస్ట్, ప్రథమ్ బుక్స్, మంచి పుస్తకం వారు తెలుగులో బొమ్మల పుస్తకాలు తక్కువ ధరకే వేశారు.

పేజీ చిరిగితే మైదా జిగురుతో అంటించండి, కొట్టకండి. వచ్చే టీకాకు వచ్చేటప్పుడు బరువు కార్డుతో పాటు ఆ పుస్తకం కూడా తెండి. సూది వేసేటప్పుడు ఆమెకు ఇష్టమైన పేజీ తెరిచి పెడితే మాకూ పని సులువు.