ప్రార్థన చేయమని అడగండి, రేటు చెబితే లేచి రండి

ముంబై నాగ్‌పాడా చుట్టుపక్కల చాల్స్‌లో ఉండే మన తెలుగువాళ్లలో చాలామంది ఆపద రాగానే ఖోలీ తలుపు దగ్గరికేసుకుంటారు. పని పోయినా, జబ్బు చేసినా, ఊళ్లో అప్పు మెడకు చుట్టుకున్నా పక్క ఖోలీకి తెలియనివ్వరు. నలుగురికీ తెలిస్తే నామోషీ అనుకుంటారు. చివరికి ఓపిక నశించాక, లోకల్ రైల్లో అంటించిన బాబా కాగితం చూసి ఆ నంబరుకు ఫోన్ చేస్తారు. ఈ రెండూ మానాలి. మొదటిది మానితే రెండోదాని అవసరం చాలావరకు రాదు.

కష్టం దాచుకోకుండా నలుగురినీ పిలవాలన్న సంగతి తొలి క్రైస్తవులు బాగా ఎరిగినవాళ్లు. జబ్బు చేసినవాడు సంఘపెద్దలను పిలిపించుకోవాలని, వాళ్లు నూనె రాసి ప్రార్థన చేయాలని బైబిల్లోని యాకోబు పత్రిక చెబుతుంది. గమనించండి, పిలవాల్సింది రోగే. అప్పటి సంఘాలు ఎక్కువగా ఇళ్లలోనే కూడేవి. హేరోదు రాజు యేసు శిష్యుడు పేతురును జైల్లో పెట్టినప్పుడు, ఒక రాత్రి మార్కు తల్లి మరియ ఇంట్లో చాలామంది చేరి ప్రార్థన చేస్తున్నారు. పేతురు బయటపడి వచ్చి తలుపు తడితే, రోదే అనే పనిపిల్ల చెప్పిన మాట వాళ్లే నమ్మలేదు! అంత గట్టి నమ్మకం లేనివాళ్లు కూడా కలిసి కూర్చున్నారు. నాకు ఆ సంగతే ధైర్యమిస్తుంది.

కాబట్టి ఇవాళే ఒకరి దగ్గర నోరు తెరవండి. "అన్నా, పానం మంచిగ లేదు, నాకోసం ప్రార్థన చెయ్యి" అనండి. అక్కడితో ఆగకుండా "రేపు నాయర్ ఆస్పత్రికి తోడు రా" అని కూడా అడగండి. మీ మొక్కు పోచమ్మకైనా సరే, ఇదే పద్ధతి. మాహిమ్ చర్చి బుధవారం నొవేనాకు అన్ని మతాలవాళ్లూ వెళతారు కదా. అసలు మన పక్కనే ఉన్న కామాటిపురాకు ఆ పేరు నిజాం రాజ్యం నుంచి కూలికి వచ్చిన మన కామాటీల వల్లే వచ్చింది. ఊరివాళ్లను అడిగి, వాళ్ల వెంట బొంబాయి బండెక్కడం మనకు కొత్త కాదు.

మరి ఎవరిని నమ్మాలి? కష్టంలో ఉన్న మనిషి దగ్గర గుంజుకోవడం తేలిక. ఆ బెడద తొలి సంఘానికీ ఉండేది. సమరయలో సీమోను అనే గారడీవాడు పరిశుద్ధాత్మ శక్తిని డబ్బిచ్చి కొనబోతే పేతురు గట్టిగా మందలించాడు. మొదటి శతాబ్దం చివర్లోనో, రెండో శతాబ్దం మొదట్లోనో రాసినట్టు చెప్పే 'దిదఖే' అనే చిన్న గ్రంథం ఇంకా సూటిగా మాట్లాడుతుంది. ఊరికి వచ్చిన బోధకుడు ఒకటి రెండు రోజులు ఉండొచ్చు, మూడోరోజూ తిష్ట వేస్తే అబద్ధ ప్రవక్త. వెళ్లేటప్పుడు రొట్టె పట్టుకెళ్లొచ్చు, డబ్బడిగితే అబద్ధ ప్రవక్త. లేనివాళ్ల కోసం అడిగితే మాత్రం తప్పు పట్టొద్దంటుంది. ఈ కొలత మన గల్లీలకు ఇప్పటికీ సరిపోతుంది.

కష్టంలో ఉన్నవాళ్ల దగ్గర ఏమీ గుంజుకోకుండా సాయం చేయడానికి, తెలుగునేల మీద క్రైస్తవం వేళ్లూనుకుంటున్న రోజుల్లో గొప్ప ఉదాహరణ ఉంది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి దొరికేలా చేశాడు. ఎందరో వచ్చి బాప్తిస్మం ఇమ్మన్నారు. ఆయన ఇవ్వలేదు. కూటి కోసం చేరారనే మాట రాకూడదని, కరువు సాయం ముగిసేదాకా నెలల తరబడి ఆపాడు. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ముందు పని, కూడు. మతం మాట తర్వాత, అదీ వాళ్ల ఇష్టం మీద. మీ దగ్గరికి వచ్చే పాస్టరునైనా, పూజారినైనా, మౌలానానైనా ఇలాగే చూడండి. మీ బలహీన ఘడియలో సంతకమో, సొమ్మో, మాటో తీసుకోవాలని తొందరపడేవారికి దూరంగా ఉండండి.

మందులు మానెయ్యమన్నవారి మాట అసలే వినొద్దు. పాము, తేలు, కుక్క కరిచినవాళ్లను వైద్యానికి వెళ్లనివ్వకుండా మంత్రం వేయడం మహారాష్ట్రలో 2013 చట్టం ప్రకారం నేరం. అలాంటివాడు మీ చాల్‌లో తిరుగుతుంటే పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి. ఒక్కరే వెళ్లకండి, చాల్ కమిటీలో ఒకరినైనా వెంటబెట్టుకుని వెళ్లండి.