కుందేళ్లను లేపిన మందు

చేయి వణుకుతుంటే "పెద్ద వయసు గదా" అని ఊరుకునే కుటుంబాలను మేము తరచుగా చూస్తుంటాము. వణుకుతోపాటు నడక నెమ్మదించడం, గుండీలు పెట్టుకోలేకపోవడం, ముఖంలో కదలిక తగ్గడం కూడా ఉంటే అది పార్కిన్సన్ వ్యాధి కావచ్చు. దానికి నేడు మాత్ర ఉన్నదంటే, స్వీడన్ దేశస్థుడు డాక్టర్ ఆర్విడ్ కార్ల్‌సన్ చేసిన పరిశోధనే మూలం.

ఆయన 1923లో ఉప్సాలాలో పుట్టారు. లుండ్‌లో వైద్యం చదివి, అక్కడే 1957లో ఒక ప్రయోగం చేశారు. మన దేశపు సర్పగంధి వేరు నుండి తీసిన రిసర్పిన్‌ను ఆ రోజుల్లో రక్తపోటుకు, మానసిక వ్యాధులకు వాడేవారు. దానిని ఇచ్చిన కుందేళ్లు చెవులు వాల్చి, కదలకుండా ఉండిపోయాయి. అప్పుడు వాటికి ఎల్-డోపా సూదిమందు ఇచ్చారు. కొద్ది నిమిషాలలో లేచి తిరగసాగాయి! ఎల్-డోపా మెదడులో డోపమైన్‌గా మారుతుంది. డోపమైన్‌కు సొంత పని లేదని, మరొక రసాయనం తయారీలో అది ఒక మెట్టు మాత్రమేనని అంతవరకు అనుకునేవారు. కదలికలను నడిపే మెదడు భాగంలో అది ఎక్కువగా ఉందని కార్ల్‌సన్ బృందం చూపింది.

1960లో లండన్ సమావేశంలో పేరున్న శాస్త్రజ్ఞులే ఆయన మాట నమ్మలేదు. అదే సంవత్సరం వియన్నాలో హార్నికీవిచ్, పార్కిన్సన్ వ్యాధితో మరణించినవారి మెదడులో డోపమైన్ బాగా తగ్గినట్లు కనుగొన్నారు. 1961లో అక్కడి రోగులకు ఎల్-డోపా ఇచ్చి చూశారు.

కార్ల్‌సన్‌కు 1979లో వుల్ఫ్ బహుమతి, 1994లో జపాన్ బహుమతి, 2000లో మరి ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి లభించాయి. 2018లో 95వ ఏట మరణించారు. బహుమతుల కన్నా మాకు ఆ కుందేళ్లే ఎక్కువ గుర్తుంటాయి.

ఎందుకంటే మీరు వాడే లెవోడోపా మాత్ర ఆ ఎల్-డోపాయే. అది వ్యాధిని పూర్తిగా పోగొట్టదు, డోపమైన్ లోటును పూడుస్తుంది. అందుకే వేళకు వేసుకోవాలి. మాంసం, గుడ్లు, పప్పులతో కలిస్తే కొందరికి సరిగా పట్టదు, కాబట్టి భోజనానికి అరగంట ముందు వేసుకోవడం మేలు. కడుపులో వికారంగా ఉంటే డాక్టరుగారిని అడగండి. "బాగానే ఉంది గదా" అని ఒక్కసారిగా మానకండి, అది ప్రమాదం. వాంతులకు, మానసిక వ్యాధులకు ఇచ్చే కొన్ని మందులు డోపమైన్‌కు అడ్డుపడి వణుకును, బిగుతును పెంచుతాయి. ఏ ఆసుపత్రిలో చేరినా, మీరు వాడే మాత్ర పేరు, వేసుకునే వేళలు రాసిన చీటీని మొదటి రోజే నర్సుకు ఇవ్వండి.